రుమాలు కింది వేళ్లు

చప్పట్లు కొట్టడం ఎంత కష్టమైన పనో నవనీతకు ఆ సోమవారం తెలిసొచ్చింది. రెండు చేతులూ దగ్గరికి తేవాలి, చప్పుడు రావాలి, ముఖం మీద నవ్వుండాలి. మూడూ ఒకేసారి కుదిరి చావడం లేదు.

వేదిక మీద సుహాసిని నిలబడి ఉంది. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. తమ జట్టు చూస్తున్న పేషెంటు పశువుల సంతకు పోయే రోజుల్లో పొద్దున ఏమీ తినడని, అందుకని ఆ రోజుల్లో షుగరు మాత్ర కూడా మానేస్తున్నాడని చెప్పింది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఇంత చిన్న సంగతి పట్టుకోవాలంటే మనిషితో ఎంత ఓపిగ్గా మాట్లాడి ఉండాలో అందరూ గమనించండని శైలజ మేడం మెచ్చుకుంది. సుహాసిని సిగ్గుపడుతూ దిగి వచ్చింది.

ఓపిగ్గా మాట్లాడింది నవనీత. బీపీ చూస్తూ, పట్టీ విప్పుతూ, మళ్లీ చుడుతూ, పెద్దాయన సంత కబుర్లన్నీ విన్నది నవనీత. తిరిగొచ్చేటప్పుడు ఆటో మోతలో గొంతు పెంచి సుహాసినికి చెప్పిందీ నవనీతే. అప్పుడు సుహాసిని "అవునా" అని ఫోను చూసుకుంది. ఆ "అవునా" ఇప్పుడు వేదికెక్కి దండ వేయించుకుంటోంది.

ఆ ఏడు కాలేజీలో కొత్త పద్ధతి పెట్టారు. డాక్టరు చదువు, నర్సింగు, ఫిజియోథెరపీ చదివేవాళ్లను ఒక్కొక్కరిని కలిపి ముగ్గురేసి జట్లు కట్టారు. జట్టుకొక ఇల్లు అప్పజెప్పారు. రేపు దవాఖానలో కలిసి పని చేయాల్సినవాళ్లు ఇప్పటి నుంచే కలిసి నేర్చుకోవాలట. కలిసి నేర్చుకోవడమంటే నవనీతకు అర్థమైనంతవరకు ఇదీ: ముగ్గురూ కలిసి ఆటో ఎక్కడం, ఒకరు వేదిక ఎక్కడం.

ఎవరో పట్నం పిల్ల అయితే ఇంత మండేది కాదు. సుహాసినీ, తనూ నాగర్‌కర్నూలు గురుకులంలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒకే పరీక్ష రాశారు. ఒకరికి ఆ సీటు వచ్చింది, ఒకరికి ఈ సీటు వచ్చింది. ఇప్పుడు ఒకరిని డాక్టరమ్మా అంటారు, ఇంకొకరిని ఓ సిస్టరమ్మా, ఇటు రా అంటారు. ఇదంతా తల్చుకుంటే నవనీతకు అన్నం సయించడం లేదు. తనది కుళ్లేనని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన అది పోతుందా?

*

మంగళవారం మళ్లీ ముగ్గురూ పెబ్బేరు దాటి ఆ ఊరికి పోయారు. తమ పేషెంటు సాయన్న ఇంటి ముందర రేకుల పందిరి. ఆయన భార్య జములమ్మ లోపల్నుంచి ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి సుహాసినికి వేసింది. నవనీతకు పీట వేసింది. ఫిజియోథెరపీ అరవింద్ గద్వాల పిల్లగాడు. వాడికి ఏదీ పట్టదు. అరుగు మీద కూలబడి, జములమ్మ మోకాళ్ల కసరత్తులు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. వాడికి కుర్చీ, పీట ఒకటే ఎట్లా అవుతాయో నవనీతకు అర్థం కాదు.

సుహాసిని కాసేపటికి వంటలో ఉప్పెంత, నూనెంత చూస్తానని జములమ్మ వెంట లోపలికి పోయింది. అరవింద్ కూడా చాయ వాసన పట్టుకుని పోయాడు. నవనీత సాయన్న చెయ్యి అందుకుని బీపీ పట్టీ చుట్టబోతూ చూసింది. కుడిచేతి చిటికెన వేలి అంచున బొబ్బ పగిలి ఎండిన మచ్చ ఉంది. ఇదేందని అడిగింది.

సాయన్న నవ్వాడు. చాయ గ్లాసు కాలిందట, కాలుతున్నట్టు తనకు తెలియనేలేదట. ఆ తర్వాత వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పోయిన సంతల ఇజ్జత్ పోయింది బిడ్డా. కొనేటోడు రుమాలు కింద నా అయిదు వేళ్లు పట్టిండు. నాకు మూడే తెలిసినయి. నేను పోయి అమ్మేటోనివి మూడు పట్టిన. ఆయన నా ముందర రుమాలు ఇసిరికొట్టిండు."

వేరే పిల్లకైతే ఇది అర్థమయ్యేది కాదు. నవనీతకు వివరం చెప్పాల్సిన పనిలేదు. లింగాలలో ఆమె మేనమామ ఎడ్లు కొని అమ్ముతాడు. పెబ్బేరు సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. చేతుల మీద రుమాలు కప్పుకుని, పట్టుకున్నన్ని వేళ్లే ధర. చుట్టూ వందమంది నిలబడినా ఆ ఇద్దరికే తెలుస్తుంది. దళారి కొనేవాడి చేతి నుంచి అమ్మేవాడి చేతికి ఆ మాట మోసుకుపోతాడు. సాయన్న జీవితమంతా మోసినవి ఆ మాటలే.

"ఏదీ, రుమాలు ఇయ్యి పెద్దయ్యా," అంది నవనీత.

భుజం మీది రుమాలు ఇద్దరి చేతుల మీద కప్పింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు పట్టుకుంది. మూడు అన్నాడు సాయన్న. అయిదూ పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకుని కాసేపు వెతికాడు. మూడే అన్నాడు. చివరి రెండు వేళ్లు మాత్రమే గట్టిగా నొక్కింది. ఇంకా పట్టలేదా బిడ్డా, అని అడిగాడు ఆయన.

నవనీత రుమాలు తీసి, చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి కింద రూపాయి బిళ్లంత తెల్లబారిన మచ్చ. పెన్ను మూతతో గీస్తే ఆయనకు తెలియలేదు. మోచేతి వెనక తడిమితే నరం పగ్గంలాగా లావుగా తగిలింది. పోయిన నెలే ఈ పాఠం చెప్పారు. కుష్ఠు. మందు ఉచితం, జబ్బు తప్పకుండా నయమవుతుంది, చెయ్యి పడిపోక ముందే పట్టుకోవడం ముఖ్యం. ఆ పాఠంలో మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆమె గుండె దడదడలాడింది, అది భయంతో కాదు. పరీక్షలో తనకొక్కదానికే జవాబు తెలిసినప్పుడు ఉండే దడ అది.

"సంతల ఎవ్వరికి తెల్వనియ్యకు బిడ్డా," అన్నాడు సాయన్న, చొక్కా చెయ్యి దించుకుంటూ. "చేతికి ఎరిక లేదంటే నా చెయ్యి ఇంకెవడు పట్టడు."

చాయ గ్లాసులతో సుహాసిని బయటికి వచ్చింది. కుర్చీలో కూర్చుని, కొత్తగా ఏమన్నా చెప్పాడా అని నవనీతను అడిగింది. అదే మామూలు గొంతు. పోయిన వారం ఆటోలో "అవునా" అన్న గొంతు.

"ఏం లేదు," అంది నవనీత.

అంతే. రెండు మాటలు. అనేశాక చాయ ఎప్పటికన్నా తియ్యగా అనిపించింది. వచ్చే సోమవారం వేదిక మీద సుహాసిని చెప్పడం అయిపోయాక, ఇంకెవరైనా ఏమన్నా చెబుతారా అని మేడం అడుగుతుంది. అప్పుడు నవనీత లేస్తుంది. తెల్లకోటు వేసుకున్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూస్తారు. అప్పుడు చూద్దాం ఎవరు ఓపిగ్గా మాట్లాడారో.

*

ఆ తర్వాతి రోజులన్నీ నవనీత ఆ సోమవారంలోనే బతికింది. స్నానం చేస్తున్నా, పక్క సర్దుతున్నా, చెప్పాల్సిన వాక్యాలు నోట్లో ఆడుతున్నాయి. మధ్యమధ్య లోపల ఏదో గీరేది. ఎన్ని నెలల నుంచి ఉన్న జబ్బో, ఇంకో నాలుగు రోజులకు ఏమవుతుందిలే అని దానికి సర్దిచెప్పేది.

కష్టమేమిటంటే సుహాసిని చెడ్డది కాదు. గురువారం వాళ్లమ్మ పంపిన జొన్నరొట్టెలు, పల్లీల కారం డబ్బా ఆటోలో విప్పి, మొదటి రొట్టె నవనీతకే ఇచ్చింది. నీకు ఇష్టమని గుర్తుంది అంది. పెట్టగలిగినవాళ్లకు పెట్టడం ఏం గొప్ప అనుకుంటూనే నవనీత ఆ రొట్టె తిన్నది. ఎవరి మీద కుళ్లుకుంటున్నామో వాళ్లు మంచివాళ్లయితే అంతకంటే నరకం లేదు.

ఆ రోజు సుహాసిని పుస్తకం చదివి వచ్చింది. షుగరున్నవాళ్లకు స్పర్శ పరీక్ష చేయాలని, దూదిని సన్నగా పేని సాయన్న పాదాల మీద ఒక్కో చోటే తాకించింది. ఆయన కళ్లు మూసుకుని, తగిలిన చోటల్లా ఊఁ అంటున్నాడు. పాదాలు బాగున్నాయి. సుహాసిని సంతోషంగా లేచి, "ఒకసారి చేతులు గూడ చూస్తె అయిపోతది," అంటూ కుర్చీ జరుపుకుంది.

నవనీత అనుకోకముందే ఆమె చెయ్యి కదిలింది. సాయన్న కుడిచెయ్యి తన ఒళ్లోకి లాక్కుని బీపీ పట్టీ చుట్టేసింది. పట్టీ అంచు, దించి ఉన్న చొక్కా కలిసి మోచేతిని మొత్తం కప్పేశాయి.

"ఇందాకనే చూసినవ్ గదా," అన్నాడు అరవింద్.

"రెండుసార్లు చూడమన్నరు," అంది నవనీత, గాలి కొడుతూ.

ముల్లు ఎక్కి దిగింది. ఆమెకు అంకె కనపడలేదు. ఏదో ఒక అంకె చెప్పింది. ఈలోపు బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. సుహాసిని చేతిలోని దూది ఉండచుట్టి, చేతులు వచ్చేసారి చూద్దాంలే అని సంచీ సర్దుకుంది. సాయన్న ఒక్కడే నవనీత ముఖంలోకి కాస్త వింతగా చూసి, తర్వాత తనలో తానే తల ఊపుకున్నాడు.

*

శనివారం సంత. ఆదివారం పొద్దున జములమ్మ సుహాసినికి ఫోన్ చేసింది. ఆ ఇంట్లో డాక్టరమ్మ నంబరే రాసుకున్నారు మరి. ముగ్గురూ బయల్దేరారు.

సాయన్న పందిరి కింద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి పాత చీర పేలిక చుట్టి ఉంది, దాని మీద పసుపు, నల్లబడిన రక్తం. ఎద్దును బండి ఎక్కిస్తూ పగ్గం చేతికి చుట్టుకున్నాడట. ఎద్దు బెదిరి గుంజింది. పక్కవాడు నెత్తురు, నెత్తురు అనేదాకా ఆయనకు తెలియదు.

నవనీత పేలిక విప్పింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు చర్మం ఊడి, తాడు కోసినచోట లోపలి కండ కనిపిస్తోంది. సెలైన్‌తో కడిగింది. దూదితో మట్టి తీసింది. అంత గాయాన్ని కడుగుతుంటే సాయన్న ఆ ఎద్దు ఎవరిదో, ఎక్కడికి అమ్ముడుపోయిందో చెబుతున్నాడు. అరవింద్ అటు తిరిగి నిలబడ్డాడు. సుహాసిని మాత్రం గాయాన్ని కాకుండా ఆయన ముఖాన్నే చూస్తోంది.

"పెద్దయ్యా, నొప్పి లేదా?" అని అడిగింది.

"ఆ రెండిటికి ఎరిక లేదు డాక్టరమ్మా. ఈ బిడ్డకు తెలుసు గదా, మంగళారమే రుమాలేసి పట్టి చూసింది."

నవనీత చేతిలో పట్టకారు ఆగిపోయింది. తల ఎత్తలేదు. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని వీపు బిగబట్టుకుంది. కానీ మాట్లాడింది సాయన్నే.

"ఆమెనేం అనకు. నేనే చెప్పొద్దన్న. రుమాలు కింది మాట బయట పెట్టొద్దని మా బేరగాళ్ల కట్టుబాటు. మొన్న నువ్వు చెయ్యి చూస్తనంటె గూడ ఎట్ల కప్పింది. మా ఇంట్ల పుట్టిన బిడ్డ గూడ గట్ల దాచదు."

నవనీత కొత్త గుడ్డ తీసి కట్టు చుట్టడం మొదలుపెట్టింది. సుహాసిని చాలాసేపు ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు.

దారిలో ఆటో మోతలో సుహాసినే గొంతు పెంచి మాట్లాడింది. పోయిన సోమవారం నీ మాటను నా మాటగా చెప్పిన, మేడం మెచ్చుకుంటుంటే నోరు రాలేదు, వారం నుంచి నీ ముఖం చూడాలంటే సిగ్గైతుంది అంది. "నేను నీ మాట తీస్కపోయి చప్పట్లు కొట్టిచ్చుకున్న. నువ్వేమో ఆయన ఇజ్జత్ కోసం నోరు గట్టుకున్నవ్. రేపు నువ్వే చెప్పాలె నవనీతా. మేడంతోని నేను మాట్లాడ్త."

నవనీత బయటికి చూస్తూ కూర్చుంది. కోరుకున్నదంతా ఒళ్లో వచ్చి పడింది. పక్కకు తోసేయడానికి చెయ్యి రాలేదు.

*

సోమవారం నర్సింగు పిల్ల వేదికెక్కడం అందరికీ వింతే. నవనీత ఆయన పేరు, ఊరు చెప్పకుండా వేళ్ల సంగతి చెప్పింది. రుమాలు కింద మూడుకూ అయిదుకూ తేడా తెలియని దళారి గురించి, మచ్చ గురించి, నరం గురించి చెప్పింది. ఎన్నిసార్లో మననం చేసుకున్న వాక్యాలు తడబడకుండా వచ్చాయి. హాలు ఊపిరి బిగబట్టి విన్నది. తెల్లకోట్లన్నీ వెనక్కి తిరిగి కాదు, ఎదురుగానే చూశాయి.

ముగించేసరికి శైలజ మేడం లేచింది. జబ్బు కనిపెట్టడం ఒక ఎత్తు, పేషెంటు నమ్మి చెప్పిన మాటను జట్టువాళ్ల దగ్గర కూడా కాపాడాలనుకోవడం ఇంకో ఎత్తు అంది. డాక్టర్లకు చెప్పాల్సిన మాట డాక్టర్లకు చెప్పాల్సిందేనని, అది నేర్చుకోవాలని మెత్తగా మందలించి, ఆ మనసు మాత్రం ఎవరో నేర్పితే వచ్చేది కాదంది. హాలంతా చప్పట్లు కొట్టింది.

నవనీత చూపు ముందు వరసలో ఆగింది. సుహాసిని చప్పట్లు కొడుతోంది. రెండు చేతులూ దగ్గరికి వస్తున్నాయి, చప్పుడు వస్తోంది, ముఖం మీద నవ్వుంది. మూడూ ఒకేసారి ఉన్నాయి. నిజం చెప్పడానికి అప్పుడు కూడా వ్యవధి ఉంది. నవనీత మైకు పక్కవాడి చేతికిచ్చి దిగి వచ్చింది.

*

మర్నాడు దవాఖానలో చర్మం డాక్టరు సాయన్నను చూసి, మాత్రల అట్ట చేతికిచ్చి, ఏడాదిపాటు ఏ రోజూ మానొద్దని చెప్పాడు. ఇది పెద్దరోగమే కదా అని జములమ్మ వణుకుతూ అడిగితే, మాత్రలు వేసుకుంటే పూర్తిగా పోతుందని, కంచం, మంచం వేరు చేయాల్సిన పనే లేదని రెండుసార్లు చెప్పాడు. నరం ఈ మధ్యనే దెబ్బతింది కాబట్టి స్పర్శ తిరిగి రావచ్చన్నాడు. తర్వాత గాయం చూసి, వారం ముందు వచ్చుంటే ఈ పుండు తప్పేది అని ఎవరినీ చూడకుండా అన్నాడు.

"ఎరిక లేని చేతికి పగ్గం చుట్టొద్దని ముందే తెలిస్తె గట్ల చుట్టుకోకపోదును," అన్నాడు సాయన్న, బయట బెంచీ మీద కూర్చుంటూ. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. పక్కన కూర్చున్న ముసలామెకు నవనీతను చూపించి, ఈ బిడ్డ నా మాట కడుపుల పెట్టుకున్నది అని చెప్పడం మొదలుపెట్టాడు.

నవనీత కట్టు సామాను పళ్లెం బెంచీ మీద పెట్టింది.

"నీ మాట కోసం కాదు పెద్దయ్యా నేను దాచింది."

సాయన్న, సుహాసిని, అరవింద్ ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. జములమ్మ కూడా.

"సుహాసినికి చెప్తె ఆమె పోయి చెప్పుకుంటదని దాచిన. అందరి ముందర నేనే చెప్పాల్నని. ఆమె చెయ్యి చూస్తనంటె పట్టీ చుట్టింది గూడ అందుకే. మంగళారమే చెప్పుంటె నువ్వు శనారం ఆ పగ్గం పట్టకపోదువు."

ముసలామె తన చీటీ చూసుకుంటూ పక్కకు జరిగింది. అరవింద్ నేల చూపులు చూశాడు. జములమ్మ ముఖం తిప్పుకుంది. సాయన్న గాయం చెయ్యిని మెల్లగా తన ఒళ్లోకి లాక్కున్నాడు. ఆ చెయ్యి వెనక్కి పోవడం చూసినప్పుడు నవనీతకు ఏడుపు వచ్చింది. ఇన్ని రోజుల కుళ్లుకు రాని ఏడుపు.

"మేడంకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది సుహాసిని. చప్పట్లు కొట్టిన చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి. గొంతు గట్టిగా ఉంది.

"నేనే చెప్త."

సాయన్న ఎడమచేత్తో రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, మళ్లీ మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"బేరం నడిసినంత సేపు అందరం దాస్తం," అన్నాడు చివరికి. "నేనెన్ని దాసిననో. రుమాలు తీసినంక మాత్రం దాయొద్దు. తీసినవ్. మంచిది." ఆ తర్వాత గాయం చెయ్యి ముందుకు చాచాడు. నవనీత వైపు కాదు, సుహాసిని వైపు. "కట్టు నువ్వు కట్టు డాక్టరమ్మా. ఆమె పక్కన నిలబడి నేర్పుతది."

సుహాసిని ఎప్పుడూ కట్టు కట్టలేదు. బెంచీ ముందర మోకాళ్ల మీద కూర్చుంది. నవనీత కన్నీళ్లు భుజానికి తుడుచుకుని, పట్టకారు ఎట్లా పట్టాలో, లోపలి నుంచి బయటికి ఎట్లా తుడవాలో చెప్పింది. సుహాసిని నెమ్మదిగా, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని చేసింది. గురుకులంలో లెక్కలు చేసేటప్పుడు కూడా అట్లాగే పెట్టుకునేది. చెయ్యి కుదురుగా ఉంది. మొదటిసారికే గుడ్డ మడత పడకుండా చుట్టుకుంటోంది.

"మంచిగ కడ్తున్నవ్ బిడ్డా," అన్నాడు సాయన్న సుహాసినితో.

నవనీత కడుపులో మళ్లీ ఆ మంట లేచింది. ఇంత జరిగాక కూడా లేచింది. అది ఇప్పట్లో పోయేది కాదని ఆమెకు అర్థమైంది. వంగి, సుహాసిని వేళ్లు పట్టుకుని సాయన్న చిటికెన వేలి మీద పెట్టింది.

"దీన్ని ఇడిగ చుట్టు. మరీ బిగియ్యకు," అంది. "బిగిస్తె దానికి తెల్వదు. మనమే చూస్కోవాలె."